తాళి కంటే ముందు చట్టం చూసుకోండి

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది గుంటూరు జిల్లా. ఎస్సీలం, హిందువులం. గ్రూప్-2కు చదువుతున్నాను. నేను ఇష్టపడిన అబ్బాయి క్రైస్తవుడు. బాప్తిస్మం తీసుకుంటే చర్చిలో చేస్తామని వాళ్లింట్లో అంటున్నారు. గుళ్లో తాళి కట్టించుకుని రిజిస్టర్ చేయించుకుంటే ఒక్కరోజులో అయిపోతుందని స్నేహితుల సలహా. మతం కానివాణ్ణి చేసుకుంటే పైసా ఆస్తి రాదని నాన్న బెదిరింపు. దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: గుడి ఆలోచన ముందే మానుకోండి. హిందూ వివాహ చట్టం కింద చెల్లాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి (బౌద్ధ, జైన, సిక్కులూ ఇందులోకే వస్తారు). అచ్చం మీలాంటి జంటే, ఆంధ్రావాళ్లే, గుళ్లో పెళ్లి చేసుకుని ఆ చట్టం కిందే రిజిస్టర్ చేయించుకున్నారు. ఆ పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. సర్టిఫికెట్ చేతిలో ఉన్నా లాభం లేకపోయింది.

బాప్తిస్మం విశ్వాసంతో తీసుకుంటే అది మీ ఇష్టం. పెళ్లి కోసమే అయితే లెక్క చూసుకోండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. క్రైస్తవంలోకి మారితే మీరు బీసీ-సీ. 15 శాతం కోటాలోంచి 1 శాతంలోకి వెళ్తారు. గ్రూప్-2 రాసేవారికి ఇది చిన్న తేడా కాదు.

మీకు సరిపోయేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఎవరూ మతం మారక్కర్లేదు. అబ్బాయికి 21 ఏళ్లు నిండాలి. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా నివాసం ఉంటున్న జిల్లాలోని మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. హైదరాబాద్ హాస్టల్ అడ్రసుతో ఇస్తే ఊళ్లో తెలియదనుకుంటారు. శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే నోటీసు కాపీ అక్కడికీ వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. కాబట్టి ఇంట్లో తెలుస్తుందనుకునే సిద్ధపడండి. బెదిరింపులుంటే నోటీసుకు ముందే పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. మేజర్లకు రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది.

అభ్యంతరం చెప్పడానికి 30 రోజుల గడువు. కులం, మతం, ‘మాకిష్టం లేదు’ అన్నవి అభ్యంతరాలు కావు. వయసు చాలకపోవడం, భర్తో భార్యో బతికి ఉండటం, మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం, ఇవే చూస్తారు. గడువు దాటాక ముగ్గురు సాక్షులతో వెళ్లండి. దండలు, తాళి మీ ఇష్టం. ఆఫీసర్ ముందు ఒకరినొకరు స్వీకరిస్తున్నామని తెలుగులో చెప్పినా చాలు, అది మాత్రం తప్పనిసరి. నోటీసిచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి కాకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక ఆస్తి. మీది ఉమ్మడి కుటుంబమైతే ఈ పెళ్లితో చట్టం దృష్టిలో మీరు దాన్నుంచి విడిపోయినట్టే. అంతమాత్రాన వాటా పోదు, ఆ రోజుకు మీకున్నది మీదే. నాన్నగారి స్వార్జితం ఆయన వీలునామాతో ఎవరికైనా రాయొచ్చు. రాయకుండా పోతే మిగతా పిల్లలతో సమానంగా మీకూ వస్తుంది. మీ తదనంతరం మీ ఆస్తికి మాత్రం భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది: పిల్లలుంటే భర్తకు మూడో వంతు, మిగతాది వాళ్లకు. వేరేలా కావాలంటే మీరూ వీలునామా రాసుకోవాలి.