గవర్నమెంట్ మన తరఫున కేసు వేస్తే మన హక్కు పోతుందా?

ప్రశ్న: మాది విశాఖ దగ్గర ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఊరు. గ్యాస్ లీకయితే విదేశీ కంపెనీ మీద గవర్నమెంటే కేసు వేస్తుంది, మనం విడిగా వేయకూడదు, భోపాల్‌లో అలాగే జరిగింది అని మా ఊళ్ళో ఒక పెద్దాయన అంటున్నారు. గవర్నమెంట్ తక్కువకి రాజీ పడితే మేం ఒప్పుకోవాల్సిందేనా సార్?

జవాబు: ఆయన చెప్పింది భోపాల్ వరకు నిజమేనండీ, మీకు మాత్రం వర్తించదు. 1984 డిసెంబర్‌లో యూనియన్ కార్బైడ్ గ్యాస్ లీకయ్యాక, 1985లో పార్లమెంట్ ఆ ఒక్క ప్రమాదం కోసమే చట్టం చేసి కేసు వేసే హక్కు, రాజీ పడే హక్కు రెండూ కేంద్రం చేతిలో పెట్టింది. గ్యాస్ పీల్చి మంచాన పడ్డ బస్తీ జనం అమెరికా కంపెనీతో ఎక్కడ కొట్లాడగలరు, కాబట్టి ఆ ఆలోచనని నేను తప్పుపట్టను. బాధితులు చెప్పేది పట్టించుకోవాలి, వాళ్ళు సొంత ఖర్చుతో లాయర్ని పెట్టుకోవచ్చు అని కూడా ఆ చట్టంలోనే రాశారు.

రాశారు గానీ చేసిందేంటి? ముందు న్యూయార్క్‌లో కేసు వేస్తే 1986లో అక్కడి జడ్జి ఇండియాలోనే తేల్చుకోమన్నారు, కేంద్రం ఇక్కడ దాదాపు 300 కోట్ల డాలర్లు అడిగి, 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో 47 కోట్ల డాలర్లకి ఒప్పేసుకుంది, బాధితుల్ని ఒక్క మాట అడగలేదు. రాజీకి ముందు వాళ్ళని వినాల్సిందని అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టే అంది, అయినా రాజీని కొట్టేయలేదు. 1991 రివ్యూలో, రాజీతో మూసేసిన క్రిమినల్ కేసులు మళ్ళీ తెరిచారు, డబ్బు చాలకపోతే కేంద్రమే భరించాలన్నారు. 2010లో ఇంకా డబ్బు ఇప్పించమని కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ని, అంటే రివ్యూ కూడా అయ్యాక వేసే ఆఖరి పిటిషన్‌ని, 2023 మార్చిలో కొట్టేస్తూ, బాధితుల కోసం తీసుకోవాల్సిన ఇన్సూరెన్స్ పాలసీ కూడా కేంద్రం తీసుకోలేదని తప్పుపట్టారు. మన తరఫున కొట్లాడతాననేవాడు మనల్ని అడక్కుండా సంతకం పెడితే నష్టం ఎవరికండీ? అక్కడ చాలామందికి ముందు 25,000, ఎన్నో ఏళ్ళకి ఇంకో 25,000 రూపాయలు వచ్చాయి, అంతే.

ఇక మీ సంగతి. పార్లమెంట్ మళ్ళీ అలాంటి చట్టం చేస్తే తప్ప మీ హక్కు మీదే. 2020 మే 7న మీ విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ గ్యాస్ లీకయినప్పుడు అలాంటి చట్టమేమీ రాలేదు, పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునలే తనంతట తాను కేసు తీసుకుని మర్నాడే 50 కోట్లు డిపాజిట్ చేయమంది. చనిపోయినవాళ్ళ కుటుంబాలకి రాష్ట్రం ఇచ్చిన కోటి రూపాయలు ఎక్స్‌గ్రేషియా, అంటే ప్రభుత్వ సాయం, కంపెనీ కట్టాల్సిన నష్టపరిహారం వేరు. మీరు నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్ళి పరిహారం అడగొచ్చు, గడువు 5 ఏళ్ళు, కంపెనీ నిర్లక్ష్యం నిరూపించే బాధ కూడా మీ మీద ఉండదు.

కాకపోతే కాగితాలు కావాలి. భోపాల్‌లో ఆస్పత్రి రికార్డు చూపించలేక చిన్న గాయాల లిస్టులోకి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతోమంది. అందుకే అలాంటిదేమైనా జరిగితే కళ్ళు మంటే కదా అని ఊరుకోకుండా ఇంట్లో ప్రతి ఒక్కరికీ, చంటిపిల్లలకి కూడా, అదే రోజు గవర్నమెంట్ ఆస్పత్రిలో ఓపీ చీటీ రాయించండి, చీటీ మీద గ్యాస్ పీల్చినట్టు రాయమని అడగండి. సాయం చెక్కు ఎవరిచ్చినా తీసుకోండి, "ఇక ఏ క్లెయిమూ లేదు" అని ఉన్న కాగితం మీద మాత్రం లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టకండి.