బెర్రీ ఫ్రూట్ సలాడ్‌లో కస్టర్డ్ వద్దు, చిటికెడు ఉప్పు చాలు

ప్రశ్న: "జూలైలో మా ఇంట్లో పాతికమందితో గెట్‌టుగెదర్ ఉంది. ఇక్కడ అమెరికాలో బెర్రీలు బాగా దొరుకుతున్నాయి కదా అని మిక్స్‌డ్ బెర్రీ ఫ్రూట్ సలాడ్ చేద్దామనుకుంటున్నాను. కస్టర్డ్ బాగుంటుందా, కండెన్స్‌డ్ మిల్క్ బాగుంటుందా? ముందురోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా?"

రెండూ వద్దండి. ముందురోజు రాత్రి కలపడం అసలే వద్దు. నేను న్యూజెర్సీలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ప్రతి వేసవిలో కనీసం మూడు పాట్‌లక్‌లకి, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందులకి, ఈ సలాడ్ నా వంతే. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం 2019 జూలైలో జరిగిన ఒక సంగతి.

ఆ ఏడాది మా అత్తయ్యగారు అమలాపురం నుంచి మొదటిసారి వచ్చారు. మా తెలుగువాళ్ళ పిక్నిక్ శనివారం. శుక్రవారం పొద్దున్నే ఆవిడని తీసుకుని, మేముండే ఎడిసన్ నుంచి గంటన్నర దూరంలో ఉన్న హామంటన్ వెళ్ళాం. అక్కడంతా బ్లూబెర్రీ తోటలే. మనమే కోసుకుని, తూకం వేయించుకుని డబ్బులిచ్చే తోటలు చాలా ఉంటాయి. నడుముకి కట్టుకోవడానికి తాడున్న బకెట్ ఇస్తారు. అత్తయ్యగారు నేతచీర, కాళ్ళకి మా ఆయన కొనిపెట్టిన స్పోర్ట్స్ షూస్, నడుముకి ఆ బకెట్. పొదలు మనిషెత్తున ఉన్నాయి.

నేను గుత్తిని పట్టుకుని లాగుతున్నాను. నా బకెట్‌లో సగం ఎర్రకాయలు, ఆకులు, పుల్లలు. ఆవిడ రెండు నిమిషాలు చూసి, "అమ్మాయ్, మల్లెమొగ్గలు అలా కోస్తారా?" అన్నారు. అని, గుత్తి కింద అరచెయ్యి పెట్టి బొటనవేలితో పళ్ళని మెల్లగా దొర్లించారు. పండినవి వాటంతటవే రాలి చేతిలో పడ్డాయి, పండనివి కొమ్మకే ఉండిపోయాయి. ఇంకో మాట కూడా అన్నారు: "ద్రాక్షపళ్ళ మీద ఉన్నట్టు దీని మీద తెల్లగా పొడుంది చూడు. అది చెరిగిపోకుండా కొయ్యి. పొడి ఉన్నంతసేపు పండు తాజాగా ఉంటుంది." ఆవిడ జీవితంలో బ్లూబెర్రీ చూడటం అదే మొదలు. కానీ ఆ మాట అక్షరాలా నిజం. ఆ తెల్లటి పొర పండులోని నీరు ఆరిపోకుండా కాపాడుతుంది. అందుకే బ్లూబెర్రీలని తినేముందే కడగాలి, ఇంటికి తేగానే కాదు.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. పక్క వరసలో మనవాళ్ళే రెండు కుటుంబాలు పిల్లల్ని తోటలోకి వదిలేసి, కడుపునిండా తినిపించి, చివరికి చిన్న డబ్బా ఒకటి తూకం వేయించుకుని వెళ్ళారు. రుచి చూడటానికి నాలుగు తింటే ఎవరూ ఏమీ అనరు. భోజనం అక్కడే కానిచ్చేయడం తప్పు. అది ఒక రైతు ఏడాది కష్టం. మన ఊళ్ళో మన మామిడితోటలో ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా?

సరే, పన్నెండు పౌండ్ల బ్లూబెర్రీలతో ఇంటికొచ్చాం. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ దారిలో షాపులో కొన్నాను. పిక్నిక్‌లో నలభైమందికి ఫ్రూట్ సలాడ్ నా బాధ్యత. తెలిసినవాళ్ళు ఒకరు "పంచదార వేసి రాత్రంతా ఉంచితే బాగా ఊరుతుంది" అన్నారు. రాత్రి పదకొండింటికి స్ట్రాబెర్రీలు కోసి, మిగతావన్నీ వేసి, ఒక కప్పు పంచదార కలిపి, పెద్ద స్టీలు గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టాను. నా అదృష్టం కొద్దీ బ్లూబెర్రీలు సగమే పట్టాయి.

పొద్దున ఏడింటికి మూత తీస్తే గిన్నెలో నాలుగు వేళ్ళ లోతు ఎర్రటి నీళ్ళు. స్ట్రాబెర్రీ ముక్కలు తెల్లగా పాలిపోయి మెత్తబడ్డాయి. రాస్ప్‌బెర్రీలు ఆ నీళ్ళలో కరిగిపోయి గింజలు మాత్రం తేలుతున్నాయి. పిక్నిక్ పదకొండున్నరకి. నాకు టెన్షన్‌తో చేతులు ఆడలేదు, ఏడుపొచ్చేసింది. అత్తయ్యగారు కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి గిన్నెలోకి చూసి, "మాగాయ ముక్కలకి ఊట దిగినట్టు దిగిపోయిందే" అన్నారు.

జరిగింది సరిగ్గా అదే. మాగాయకి ఉప్పు వేసి ముక్కల్లోంచి ఊట రప్పిస్తాం కదా. ఉప్పు చేసే పనే పంచదారా చేస్తుంది. స్ట్రాబెర్రీలో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే. పైన పంచదార పడగానే లోపలి నీరు బయటికి వచ్చేస్తుంది. అరగంట ఉంచితే ముక్క నిగనిగలాడుతూ ఉంటుంది, రాత్రంతా ఉంచితే పీచు మిగులుతుంది.

ఆవిడ దాన్ని పారెయ్యనివ్వలేదు. చిల్లుల గిన్నెలో పోసి, గరిటతో నొక్కకుండా, దానంతటదే కారనిచ్చారు. ఆ రసంలో మూడు నిమ్మకాయలు పిండి, కొంచెం ఉప్పు వేసి, నానబెట్టిన సబ్జా గింజలు, చల్లటి నీళ్ళు కలిపారు. రెండు పెద్ద జగ్గుల షర్బత్ అయింది. మిగిలిన మెత్తటి ముక్కల్ని పొయ్యి మీద దగ్గరపెట్టి జామ్ చేశారు. వారం రోజులు పిల్లలు బ్రెడ్ మీద అదే తిన్నారు.

మా ఆయన్ని మళ్ళీ షాపుకి పంపాను, స్ట్రాబెర్రీలు, బ్లాక్‌బెర్రీలు తెచ్చారు. ఈసారి నేను ముట్టుకోలేదు. అత్తయ్యగారు ఒక బ్లాక్‌బెర్రీ నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలి, "దీనికి ఉప్పు కావాలి" అన్నారు. చిన్న స్టీలు గిన్నెలో రెండు గుప్పిళ్ళ బ్లాక్‌బెర్రీలు, మూడు వేళ్ళకి వచ్చినంత ఉప్పు, అర చెక్క నిమ్మరసం. పైన మూత పెట్టి, రెండు చేతులతో పట్టుకుని నాలుగుసార్లు మెల్లగా కుదిపారు. మన ఊళ్ళల్లో నేరేడు పళ్ళు తినేది అలాగే కదా! గిన్నెలో వేసి, ఉప్పు చల్లి, మూతపెట్టి కుదిపితే పండు కాస్త చిట్లి, ఉప్పు లోపలికి పట్టి, వగరు తగ్గి తీపి పైకి వస్తుంది. ఆ బ్లాక్‌బెర్రీ తిన్నాక నాకు అర్థమైంది, ఇన్నేళ్ళూ నేను బెర్రీని మిఠాయి చేద్దామని చూశానని. దాన్ని నేరేడు పండులా చూడాలి, రేగుపండులా చూడాలి. కొంచెం పులుపు, కొంచెం వగరు, పైన కాస్త ఉప్పు. చిటికెడు ఉప్పు చేదునీ వగరునీ అణచి, ఉన్న తీపినే ఎక్కువ చేసి చూపిస్తుంది. పంచదార అక్కర్లేదు.

ఇప్పుడు మీ పాతికమందికి నేనైతే ఎలా చేస్తానో చెప్తాను. స్ట్రాబెర్రీ మూడు పౌండ్లు, బ్లూబెర్రీ రెండు పౌండ్లు, బ్లాక్‌బెర్రీ, రాస్ప్‌బెర్రీ చిన్న డబ్బాలు నాలుగేసి. కొనేటప్పుడు డబ్బాని తిరగేసి అడుగు చూడండి. అడుగున ఎర్రటి మరక ఉంటే లోపల ఒకటి కుళ్ళినట్టే, మిగతావాటికి అంటుకోవడానికి ఒక్క రోజు చాలు. బ్లాక్‌బెర్రీ మిలమిల మెరుస్తుంటే పుల్లగా ఉంటుంది. నలుపులో మెరుపు తగ్గి మసకగా అయినదే పండింది. బ్లూబెర్రీకి తొడిమ ఊడిన చోట ఎర్రటి చార కనిపిస్తే ఇంకా పుల్లనే. స్ట్రాబెర్రీ కోశాక ఇక పండదు, మామిడికాయలా మగ్గేస్తానంటే కుదరదు. ముచ్చిక దగ్గర తెల్లగా ఉన్నది వదిలెయ్యండి.

పార్టీ రోజు పొద్దున కడగండి. స్ట్రాబెర్రీని ముచ్చికతో సహా కడిగి, తర్వాతే ముచ్చిక తియ్యాలి. ముందు తీస్తే లోపలికి నీళ్ళు పడతాయి. రాస్ప్‌బెర్రీ లోపల బోలుగా ఉంటుంది, నీళ్ళలో నానబెడితే ఆ గుంటలో నీళ్ళు నిలుస్తాయి. కుళాయి కింద సన్నటి ధారలో రెండు క్షణాలు చాలు. అన్నీ పాత కాటన్ చీర ముక్క మీదో తువ్వాలు మీదో పరిచి పూర్తిగా ఆరనివ్వండి. ఈ ఆరబెట్టడం దగ్గరే అందరూ తొందరపడతారు. తడి బెర్రీలతో ఎంత బాగా చేసినా సలాడ్ నీళ్ళోడుతుంది.

దేనికది విడివిడిగా డబ్బాల్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. జనం భోజనానికి లేచే అరగంట ముందు స్ట్రాబెర్రీలకి మాత్రం రెండు నిమ్మకాయల రసం, కాస్త ఉప్పు పట్టించండి. పళ్ళు మరీ పుల్లగా ఉంటే ఒక చెంచా పంచదార వేసుకోండి, అంతకు మించొద్దు. వడ్డించే ముందు బ్లూబెర్రీ, బ్లాక్‌బెర్రీ కలిపి, రాస్ప్‌బెర్రీలని ఆఖరున పైన చల్లండి. గరిట పెట్టి కలియదిప్పకండి, గిన్నెని కుదపండి. పైన పుదీనా ఆకులు చేత్తో తుంచి వెయ్యండి. తేనె వేద్దామనుకుంటే ముందు ఒక్కటి చూసుకోండి, వచ్చేవాళ్ళలో ఏడాది లోపు పిల్లలుంటే వద్దు. ఆ వయసు పిల్లలకి తేనె ప్రమాదం. తెలియక ఎవరో ఒక ముక్క నోట్లో పెట్టేస్తారు.

బయట ఎండలో పెడుతుంటే పెద్ద అల్యూమినియం ట్రేలో ఐసు పోసి, దాని మీద గిన్నె పెట్టండి. కోసిన పళ్ళు బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. ఎండ 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే గంటే. పిక్నిక్ టేబుల్ మీద పొద్దుట పెట్టిన సలాడ్‌ని సాయంత్రం దాకా ఉంచి, ఇంటికి డబ్బాల్లో సర్దిచ్చే అలవాటు మనవాళ్ళు దయచేసి మానుకోవాలి.

కస్టర్డ్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. మన పెళ్ళిళ్ళలో అరటిపండు, యాపిల్, దానిమ్మ వేసి చేసే కస్టర్డ్ సలాడ్ నాకూ ఇష్టమే. ఆ పళ్ళకి అది సరిపోతుంది. బెర్రీల రంగు వేరే రకం. పులుపులో ఎర్రగా ఉంటుంది, పులుపు తగ్గితే నీలంలోకి తిరుగుతుంది. పాలలో పడగానే గిన్నె మొత్తం బూడిద రంగుకి వస్తుంది. పైగా పులుపు ఎక్కువైతే పాలు విరిగినట్టు పలుకులు కడతాయి. కండెన్స్‌డ్ మిల్క్‌లో నాలుగు బెర్రీలూ ఒకే రుచి వస్తాయి, ఇన్ని డబ్బులు పోసి కొని ఏం లాభం? ఎవరికైనా తీపి కావాలంటే పక్కన విడిగా వెనిలా ఐస్‌క్రీమ్ పెట్టండి.

ఇంకో బాధ కూడా ఉంది. కర్బూజా, పచ్చపుచ్చ ముక్కలు నింపి, పైన నాలుగు స్ట్రాబెర్రీలు పెట్టిన రెడీమేడ్ ట్రేలు తెచ్చి ఫ్రూట్ సలాడ్ అంటారు. అలాగే జనవరిలో బెర్రీలు కొని "రుచీ పచీ లేదు" అంటారు. దేనికైనా కాలం ఉంటుంది కదండీ. మావైపు స్ట్రాబెర్రీ మే, జూన్‌లలో, బ్లూబెర్రీ జూన్ చివర్నుంచి జూలై అంతా. అసలు ఈ తోటల్లో పండే బ్లూబెర్రీ పుట్టిందే న్యూజెర్సీలో. అంతకుముందు అడవిలో ఏరుకునేవాళ్ళు. వైట్స్‌బాగ్ అనే చోట ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, పెద్ద పళ్ళు కాసే అడవి పొదల్ని చూపించిన ఊరివాళ్ళకి డబ్బులిచ్చి, ఫ్రెడరిక్ కోవిల్ అనే శాస్త్రవేత్తతో కలిసి వాటిని సాగులోకి తెచ్చింది. 1916లో మొదటి పంట అమ్మారు. ఈ సంగతి చెప్తే మా అత్తయ్యగారు, "అడవిలో ఏది మంచిదో ఏరుకునేవాళ్ళకే తెలుస్తుంది" అన్నారు.

ఇది చదివి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మే నెలలో దిగుమతి బ్లూబెర్రీలు కొనకండి. లంబసింగి, మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీలు చలికాలంలో వస్తాయి, అప్పుడు చేసుకోండి. మే నెలకి మామిడిపళ్ళున్నాయి, తాటిముంజలున్నాయి. వానలు మొదలయ్యాక నేరేడు పళ్ళొస్తాయి. గింజ తీసిన నేరేడు, దానిమ్మ గింజలు, నల్ల ద్రాక్ష, నిమ్మరసం, ఉప్పు కలిపి చూడండి. నాకు ఇక్కడ దొరకనిది అదే.

ఆ రోజు పిక్నిక్‌లో షర్బత్ రెండు జగ్గులూ ముందు అయిపోయాయి, తర్వాత సలాడ్. "స్వీట్ తక్కువైందే" అన్నవాళ్ళు కూడా రెండోసారి వేసుకున్నారు. మీ దగ్గర ఒకవేళ బ్లూబెర్రీలు మిగిలితే, ఉప్పూ నిమ్మరసం తగలనివి పక్కకి తీసి పెట్టుకోండి. మర్నాడు దద్దోజనంలో ద్రాక్షపళ్ళు వేసుకున్నట్టు వేసుకోవచ్చు. మా ఇంట్లో అత్తయ్యగారు వెళ్ళాక కూడా ప్రతి జూలైలో అలాగే చేస్తున్నాం.