ఇంటర్నెట్ తాళాలు కాపాడే పనికి కోర్సు ఉందా?

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మాయి విజయనగరంలో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంటర్నెట్ తాళాలు ప్రపంచంలో ఏడుగురి దగ్గరే ఉంటాయని వీడియోలో చూసి, తానూ అందులోకే వెళ్తానంటోంది. శిక్షణకు ఒకచోట 60 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టకండి. అది కోర్సు చేస్తే వచ్చే పని కాదు. జీతమిచ్చే ఉద్యోగమూ కాదు. అయితే అమ్మాయి ఆసక్తిని మాత్రం కొట్టిపారేయొద్దు.

వీడియోలో చెప్పింది సగమే. వెబ్‌సైట్ పేరు కొట్టగానే దాని అడ్రసు వెతికిచ్చేది డీఎన్‌ఎస్. ఆ అడ్రసును మధ్యలో ఎవరూ మార్చలేదని డిజిటల్ సంతకంతో రుజువు చేసేది డీఎన్‌ఎస్‌సెక్. ఆ సంతకాలన్నిటికీ మూలమైన కీ, అంటే ఒక రహస్య సంఖ్య, అమెరికాలో కల్పెపర్, ఎల్ సెగుండో అనే రెండు ఊళ్లలో, సేఫుల్లో దాచిన పరికరాల్లో ఉంటుంది. వాటిని నడిపే స్మార్ట్‌కార్డులు లాకర్లలో ఉంటాయి. ఒక్కో ఊరికి ఏడుగురి దగ్గర ఆ లాకర్ల తాళాలుంటాయి. కనీసం ముగ్గురు వస్తేనే ఆ కీతో సంతకం చేసే పని జరుగుతుంది. బ్యాకప్ కోసం మరో ఏడుగురున్నారు. వీళ్లెవరూ ఇంటర్నెట్‌ను ఆపేయలేరు. 2010 నుంచి మామూలుగా ఏడాదికి నాలుగుసార్లు జరిగే ఈ తంతును ఎవరైనా లైవ్‌లో చూడొచ్చు. 2020 ఫిబ్రవరిలో సేఫ్ తెరుచుకోక, తాళాన్ని డ్రిల్లుతో తొలిచి, కొన్ని రోజులు ఆలస్యంగా జరిపారు. ఆ వివరాలు అమ్మాయిని వెతికి చదవమనండి, చాలా నేర్చుకుంటుంది.

మరి వీళ్లను ఎలా ఎంచుకున్నారు? కంప్యూటర్ భద్రతా నిపుణుడు డాన్ కమిన్‌స్కీ సంగతే చూడండి. 2008లో డీఎన్‌ఎస్‌లో పెద్ద లోపం కనిపెట్టి, గుట్టుగా కంపెనీలన్నిటినీ కూడగట్టి సరిచేయించాకే బయటపెట్టాడు. 2010లో బ్యాకప్ బాధ్యత అప్పగించిన ఏడుగురిలో ఆయనొకడు. ముందు పని, ఆ తర్వాతే నమ్మకం. అందుకే మీ అమ్మాయి గురి ఆ పని మీద ఉండాలి.

లైనక్స్, నెట్‌వర్కింగ్, క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్యంగా కాపాడే విద్య) గట్టిగా పట్టాలి. ఆసియా పసిఫిక్ దేశాలకు ఇంటర్నెట్ అడ్రసులు పంచే ఏపీనిక్ సంస్థ అకాడమీ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం. ఇంటర్నెట్ కంపెనీలు, బ్యాంకులు, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ, డాట్ ఇన్ పేర్లు చూసే నిక్సీ, ఇవన్నీ ఈ విద్య అవసరమయ్యే చోట్లే. ప్రపంచమంతటా ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ యువత కోసం పెట్టే కార్యక్రమాల మీద కూడా కన్నేసి ఉంచమనండి.

ఈ సెలవుల్లో పైసా ఖర్చు లేకుండా ఒకటి చేయొచ్చు. లాప్‌టాప్‌లో డీఎన్‌ఎస్ సర్వర్ నడిపే బైండ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, సొంతంగా ఒక జోన్‌కు, అంటే ఒక పేరు కింద ఉండే రికార్డుల పట్టీకి, సంతకం చేయమనండి. తర్వాత కావాలనే, మళ్లీ సంతకం చేయకుండా అందులో ఒక రికార్డు మార్చి, ఆ జోన్ కీని నమ్మేలా అమర్చి సంతకాలు సరిచూసే రిజాల్వర్‌ను (అడ్రసు వెతికిపెట్టే ప్రోగ్రాంను) అడగమనండి. సర్వ్‌ఫెయిల్ అనే ఎర్రర్ వస్తుంది. ఎందుకొచ్చిందో మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పమనండి.