పాడ్రే దీవిలో అలల వైపు కాదు, సరస్సు వైపు డేరా వేయండి

టెక్సాస్‌లో పిల్లలతో సముద్రతీరాన డేరా వేసుకుని చేపలు పట్టడానికి ఏ చోటు మంచిదని అడిగారు. కార్పస్ క్రిస్టీ దగ్గరి పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్‌ను మించినది లేదని నా గట్టి అభిప్రాయం. అయితే అందరూ వెళ్లే, అలల వైపున్న మలాకీట్‌కు కాకుండా, దీవి వెనుక లగూనా మాద్రే అనే ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉన్న బర్డ్ ఐలాండ్ బేసిన్‌కు వెళ్లండి.

మేము మొదట మలాకీట్‌లోనే దిగాము. అర్ధరాత్రి గాలికి ఇసుకలోని మేకులు ఊడి డేరా ఒక పక్క లేచిపోవడంతో పిల్లలను కారులో పడుకోబెట్టవలసి వచ్చింది. తెల్లవారి గాలం వేస్తే, అలలు సీసం గుండును పదేపదే ఒడ్డుకు ఈడ్చుకొచ్చాయి. మధ్యాహ్నానికి డేరా ఎత్తేసి సరస్సు వైపు వెళ్లాము.

అక్కడ ఒడ్డున నీళ్లు మోకాలి లోతే. సముద్రం కంటే ఉప్పన. సూళ్లూరుపేట వైపు పులికాట్ చూస్తూ పెరిగిన నాకు సొంత ఊరికి వచ్చినట్టనిపించింది. రొయ్య గుచ్చి వేసిన గాలానికి మా పదేళ్ల అమ్మాయికి రెడ్ డ్రమ్ అనే చేప పడింది. రాగి రంగు పొలుసులు, తోక మొదట్లో నల్లని మచ్చ, చేతిలోకి తీసుకోగానే పొట్టలోంచి డప్పు కొట్టినట్టు చిన్న చప్పుడు. నోరు మూసి, తోక రెక్కలను దగ్గరకు నొక్కి కొలిస్తే 19 అంగుళాలు వచ్చింది. ఇక్కడ 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్నవే, అవీ మనిషికి రోజుకు మూడే ఉంచుకోవాలి. అమ్మాయి ఏడ్చింది. అయినా తానే దాన్ని నీళ్లలో నిలిపి పట్టుకుంది. మొప్పలు నాలుగైదుసార్లు ఆడాక, ఒక్క తోక దెబ్బతో వెళ్లిపోయింది.

అదే ఒడ్డున, కొలవకుండానే చిన్న చేపలను బకెట్‌లో వేసుకునే పెద్దలను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. తెగిన నైలాన్ దారాన్ని అక్కడే వదిలేయడం ఇంకా ఘోరం, ఎందుకంటే తాబేళ్లు ఆ దారంలో చిక్కుకుంటాయి, కెంప్స్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా గుడ్లు పెట్టే తీరం ఈ దీవిదే.

పదిహేడేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ ఉప్పునీటి ఎండార్స్‌మెంట్‌తో (సముద్రపు నీళ్లలో పట్టడానికి ఇచ్చే అదనపు అనుమతి) కూడిన చేపల లైసెన్స్ ముందే తీసుకోవాలి. బర్డ్ ఐలాండ్‌లో కరెంటు ఉండదు, చెట్టు నీడా ఉండదు. పిల్లల కోసం పందిరి గుడ్డ, తాగడానికి సరిపడా నీళ్లు వెంట ఉంచుకోండి. డేరాకు మేకులను నమ్మకుండా, గుడ్డ సంచుల్లో ఇసుక నింపి, తాళ్లు వాటికి కట్టి, మూరెడు లోతున పూడ్చండి.