ముందు సర్వర్‌నే అడుగు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే శనివారం రాత్రి మీ ఆఫీసులో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పని నీకే అప్పగించారని అక్క నిన్న ఫోన్‌లో చెప్పింది. ఆమె గొంతులోని గర్వం నాకూ అంటుకుంది కానీ, పడుకున్నాక 2019 నాటి ఒక రాత్రి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

బ్యాకప్ తీసుకుని, వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూసుకో. అది నీకు తెలిసిన పనే.

అంతకంటే ముందు, ఇప్పుడు నడుస్తున్న సర్వర్ ఏ వెర్షనో తేల్చుకో. ఆనాడు నేను టెర్మినల్‌లో పీఎస్‌క్యూఎల్ అని, అంటే డేటాబేస్‌తో మాట్లాడే క్లయింట్ ప్రోగ్రామ్ పేరు కొట్టి, పక్కన రెండు డ్యాష్‌లు పెట్టి వెర్షన్ అడిగాను. 11 అని వచ్చింది. ఆ అంకెనే ప్లాన్‌లో రాసి అందరికీ పంపాను. అది నా మెషీన్‌లోని క్లయింట్ వెర్షన్ మాత్రమేనని, సర్వర్‌ను నేను అసలు అడగనేలేదని తట్టలేదు. సర్వర్ 9.6. మా స్క్రిప్ట్ నిండా ప్రొసీజర్లే, అంటే డేటాబేస్‌లోనే దాచుకుని పిలిచే చిన్న ప్రోగ్రాములే; క్రియేట్ ప్రొసీజర్ అనే కమాండ్ పోస్ట్‌గ్రెస్‌లోకి వచ్చిందే 11తో. అర్ధరాత్రి దాటాక సింటాక్స్ ఎర్రర్లు వరుసగా వచ్చాయి. ఎర్రర్ వస్తే ఆగమని నేను చెప్పలేదు, తప్పు వస్తే మొత్తం రద్దయ్యేలా అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టనూ లేదు. అందువల్ల స్క్రిప్ట్ ప్రొసీజర్లను వదిలేసి టేబుళ్లను మాత్రం మార్చుకుంటూ పోయింది. మర్నాడు జీతాల లెక్క నడవాలి. నాకంటే చిన్నవాళ్లు ఇద్దరు తెల్లవార్లూ నా పక్కన కూర్చుని ఒక్కొక్క టేబుల్‌నూ వెనక్కి తిప్పారు. ముందురోజు లాగిన్ అయిన ప్రతిసారీ మొదటి వరుసలోనే క్లయింట్ 11, సర్వర్ 9.6 అని పక్కపక్కన కనిపించింది. నేను చదవలేదు.

చిన్నప్పుడు నువ్వూ లెక్కల పేపర్‌లో ప్రశ్న సగం చదివే జవాబు మొదలుపెట్టేదానివి. ఎన్నిసార్లు కోప్పడ్డానో! జవాబు సరైనదే అయినా అడిగింది వేరే అయ్యేది. అప్పుడు నీ కళ్లలో తిరిగిన నీళ్లు చూసి నా కోపమంతా కరిగిపోయేది.

అందుకని, మీ అప్లికేషన్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఉన్న హోస్ట్‌కు, పోర్ట్‌కు కనెక్ట్ అయి, అక్కడే సెలెక్ట్ వెర్షన్ అని అడుగు. ఉబుంటులో ఒకే మెషీన్ మీద పాతది 5432 పోర్ట్‌లో, కొత్తది 5433లో నడుస్తూ ఉండవచ్చు. పీజీ ఎల్ఎస్ క్లస్టర్స్ అనే కమాండ్ కొడితే రెండూ కనిపిస్తాయి. ప్యాకేజీ మార్చాక రీస్టార్ట్ చేయకపోతే డిస్క్ మీద కొత్తది ఉన్నా మెమరీలో పాతదే నడుస్తుంది. వెర్షన్ 10కి ముందైతే 9.5 నుంచి 9.6కు వెళ్లడం కూడా పెద్ద మార్పే, దాన్ని చిల్లర అంకె అనుకోవద్దు.

శనివారం పని మొదలుపెట్టే ముందు సర్వర్ ఇచ్చిన ఆ వరుసను ఉన్నదున్నట్టు నాకు పంపు. నేను మెలకువగానే ఉంటాను. మీ అత్తయ్య ఫ్లాస్క్‌లో కాఫీ పోసి పెడతానంది.

మీ మామయ్య