కిడ్నీ తీసేశాక మూత్రంలో మంట: ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. రాళ్ల వల్ల ఎడమ కిడ్నీ పూర్తిగా పాడైపోయిందని రెండు నెలల క్రితం ఆపరేషన్ చేసి తీసేశారు. అప్పటి నుంచి రాత్రిపూట నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాను. మంటగా ఉంటోంది, ధార సన్నబడింది. కుట్లు వేసిన పక్క నొప్పిగా ఉంటే మెడికల్ షాపులో అడిగి రోజూ డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాను. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. ఒక్క కిడ్నీ ఉన్నవాళ్లు రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు తాగాలి? కొబ్బరినీళ్లు మంచివేనా?

- ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మీరు నీళ్ల గురించి అడిగారు. నాకు మాత్రం ఆ డైక్లోఫెనాక్ గురించే కంగారుగా ఉంది. దాన్ని ఈరోజే ఆపేయండి. ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఇదే కోవకు చెందిన మందులు. ఇవి కిడ్నీకి వెళ్లే రక్తప్రవాహాన్ని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్ వాడేవారిలో, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. రెండు కిడ్నీలు ఉన్నవాళ్లకే ఇవి జాగ్రత్తగా ఇస్తాం. మీకు మిగిలింది ఒక్కటే కదా, రోజూ ఎలా వేసుకుంటున్నారండీ? టెల్మిసార్టాన్‌ను మాత్రం సొంతంగా మానేయవద్దు. నొప్పికి సాధారణంగా పారాసిటమాల్ మేలు, అదీ మీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే. కోత దగ్గర తిమ్మిరి, లాగుతున్నట్లు నొప్పి కొన్ని నెలలు ఉండవచ్చు. అక్కడ ఎరుపు, చీము, ఉబ్బు కనిపిస్తే సర్జన్‌కు చూపించాలి.

ఇక మూత్రం సంగతి. పాడైన కిడ్నీ పని చాలాకాలంగా రెండోదే చేస్తూ ఉండి ఉంటుంది. కాబట్టి దాన్ని తీసేసినంత మాత్రాన రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సిన అవసరం రాదు. ఆపరేషన్ సమయంలో మూత్రం కోసం పెట్టే గొట్టం (కేథెటర్) వల్ల వచ్చే మంట మామూలుగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. రెండు నెలలైనా ఉందంటే ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. మీ వయసులో ధార సన్నబడితే ప్రోస్టేట్ వాపు గానీ, కేథెటర్ పెట్టినచోట మూత్రనాళం ఇరుకు కావడం గానీ కారణం కావచ్చు. షుగర్ కూడా చూసుకోవాలి. మిమ్మల్ని పరీక్షించకుండా ఇదేనని నేను చెప్పలేను.

యూరిన్ రొటీన్, కల్చర్ (మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష), సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష), పొటాషియం, షుగర్ పరీక్షలు చేయించండి. అల్ట్రాసౌండ్‌లో కుడి కిడ్నీలో రాయి ఉందా, మూత్రం పోశాక సంచిలో ఎంత మిగులుతోంది అన్నది అడిగి రాయించుకోండి. కల్చర్‌కు ఇచ్చే ముందు యాంటీబయాటిక్ వేసుకోకండి, వేసుకుంటే అసలు క్రిమి దొరక్కపోవచ్చు. క్రియాటినిన్ 1.3, 1.4 వచ్చిందని టెన్షన్ పడొద్దు. ఒక్క కిడ్నీ ఉన్నవారిలో కాస్త ఎక్కువ ఉండటం చూస్తుంటాం. డిశ్చార్జ్ నాటి అంకెతో పోలిస్తే పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం.

రెండు నెలలు మంటను ఓర్చుకోవడం నాకు నచ్చలేదు. రాళ్లు ఏర్పడే శరీరతత్వం ఉన్నవారికి రెండోవైపూ రావచ్చు. ఉన్న ఒక్క కిడ్నీ దారిలో రాయి అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. చలి జ్వరం, కుడి నడుం పక్క తీవ్రమైన నొప్పి, మూత్రంలో రక్తం, లేదా ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. కొండపిండి ఆకు కషాయం తాగి చూద్దామని, తెల్లవారాక వెళ్దామని ఆగిన వాళ్లను చూశాను. అలా పోయిన గంటల్లోనే కిడ్నీ దెబ్బతింటుంది.

నీళ్ల విషయానికొస్తే, గుండె జబ్బు, కాళ్ల వాపు లేకపోతే రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్లు, పల్నాడు ఎండలకు ఇంకాస్త ఎక్కువ. రాళ్లున్నవాళ్లకు మూత్రం లేత రంగులో రావాలి. పడుకునే రెండు గంటల ముందు తగ్గించండి. ధార బాగా ఇబ్బందిగా ఉంటే బలవంతంగా ఎక్కువ తాగకండి, ముందు స్కాన్ కానివ్వండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, రిపోర్టు వచ్చేదాకా ఆగండి. ఉప్పు, పచ్చళ్లు తగ్గించండి.

ఈ వారంలోనే యూరాలజిస్ట్‌ను కలవండి. డిశ్చార్జ్ కాగితాలతోపాటు ఇప్పటిదాకా వాడిన మాత్రల స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి, ఖాళీవైనా సరే.