టర్బో బండి మానిఫోల్డులో మసి పేరుకోకుండా

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

టర్బో డీజిల్ బండి చేతికొచ్చింది కాబట్టి, ఇంజన్ గాలి పీల్చుకునే దారి గురించి రాస్తున్నా. పికప్ పోవడం, నల్లపొగ, మైలేజీ పడిపోవడం, చాలామటుకు ఆడ మొదలయ్యేవే.

ఈజీఆర్ వాల్వ్ సైలెన్సర్‌కు పోయే పొగలో కొంత మళ్లీ మానిఫోల్డులోకి, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోకి, పంపుతుంది. అది పొడి మసి. ఇంకోపక్క పిస్టన్ రింగులు దాటి కిందికి జారిన గ్యాసు, ఆయిల్ ఆవిరిని వెంటబెట్టుకుని బ్రీదర్ పైపు గుండా టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోసే పంకా) ముందరి గాలిదారిలోకొస్తుంది. పొడి మసి చాలావరకు గాలితో కొట్టుకుపోతుంది. ఆయిల్ తడి తగిలిందా, తారు మాదిరి అతుక్కుంటుంది. డీజిల్ నేరుగా సిలిండర్లోకే పోతుంది కాబట్టి ఆ దారిని కడిగేది ఏదీ లేదు. మసిని పూర్తిగా ఆపడం మన చేతిలో లేదబ్బీ, ఆయిల్‌ను ఆపడం ఉంది.

ముందు డిప్‌స్టిక్. ఆయిల్ పై గీతకు కొంచెం కిందనే ఉండాల. 'ఇంకో అర లీటరు ఉంటే మంచిదే' అని పోయించొద్దు. ఎక్కువైతే క్రాంక్ దాన్ని చిలికి పొగమంచు చేస్తుంది, అదంతా బ్రీదర్లోకే. బీఎస్6 బండి కాబట్టి లెవెల్ దానంతటదే పెరుగుతోందేమో కూడా చూడు. పెరిగి డీజిల్ వాసన కొడితే, డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) మసిని కాల్చుకుని శుభ్రమయ్యేలోపే బండి ఆపేస్తున్నావని అర్థం. అప్పుడు ఆయిల్ మార్పించాల్సిందే. గ్రేడు మాన్యువల్లో ఉన్నదే పోయించు. దుమ్ములో, చిన్న దూరాల్లో తిరిగే బండికి ఆయిల్ మార్చే కిలోమీటర్లు తక్కువగా వేరే రాసి ఉంటారు, నీకు వర్తించేది అదే.

ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము, బేతంచెర్ల రాతిపొడి ఎయిర్ ఫిల్టర్‌ను తొందరగా మూసేస్తాయి. ఫిల్టర్ మూసుకుంటే టర్బో ముందర గాలి లాగుడు పెరిగి, సీలు పక్కనుంచీ బ్రీదర్ నుంచీ ఆయిల్‌ను పీలుస్తుంది. గట్టిగా గాలి కొట్టించి అదే ఫిల్టర్ వాడితే కాగితం చిరుగుతుంది, కొత్తది వేయించు.

మన ఎండలకు ఇంజన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేస్తారు. అస్సలు ఒప్పుకోవద్దు. ఇంజన్ 80 డిగ్రీలు దాటి వేడిగా ఉండాల, చల్లగా నడిస్తే మసీ తడీ రెండూ పెరుగుతాయి. వేడెక్కితే రేడియేటర్, ఫ్యాన్ చూపించు. ఏసీ కోసం గంటల తరబడి ఐడిల్లో పెట్టడం కూడా అంతే చేటు. వారానికోసారి కడప–నంద్యాల హైవే మీద ఒక గేరు తగ్గించి, 2,500 ఆర్‌పీఎం దగ్గర అరగంట నడుపు. ఆపే ముందు ఒక నిమిషం ఐడిల్లో వదులు. లేకుంటే టర్బోలో ఆయిల్ మాడి, అది ఇంజన్‌లోకి తిరిగిపోయే పైపు మూసుకుంటుంది, ఆ పైన ఆయిల్ సీలు దాటి మానిఫోల్డులోకే వస్తుంది.

ఏడాదికోసారి ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) కింది హోస్ విప్పించు. లోపల పలుచని ఆయిల్ పొర మామూలే. చెంచాల కొద్దీ కారితే బ్రీదర్, టర్బో సీలు, రింగులు వరుసగా చూపించు. అట్ల నిలిచిన ఆయిల్‌ను ఇంజన్ ఒక్కసారిగా తాగితే తాళం తీసినా ఆగదు. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కి, పై గేరు వేసి క్లచ్ వదిలేయాల.

ఈజీఆర్ శుభ్రం చేసేటప్పుడు నువ్వు దగ్గరుండు. ఇంజన్ చల్లారాల, బ్యాటరీ తీయాల. వాల్వును ఇంజన్ నుంచి విప్పినాకనే కార్బన్ క్లీనర్ కొట్టి, మెత్తని బ్రష్షుతో రుద్దాల. వాల్వును కదిపే మోటారు వైపు తడి తగలకూడదు. గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్ రంధ్రంలో పుల్ల పెట్టనీయొద్దు. మానిఫోల్డు గీకాలంటే ఊడదీయించు, ఇంజన్ మీదే గీకితే రాలిన పెచ్చు సిలిండర్లో పడుతుంది. నడుస్తున్న డీజిల్ ఇంజన్ గాలిదారిలో పెట్రోలు స్ప్రే చేస్తామంటే బండి తీసుకుని వచ్చెయ్. ఈజీఆర్‌కు రేకు అడ్డం పెట్టి మూసేస్తామన్నా వద్దను. కాలుష్యం మాట అటుంచి, ఈ బండ్లలో చెక్ ఇంజన్ లైటు వెలిగి పవర్ తగ్గిపోతుంది.

బిగించేటప్పుడు గ్యాస్కెట్లు కొత్తవే వేయించు. మరుసటి రోజు ప్రతి హోస్ క్లిప్పు చుట్టూ వేలు పెట్టి చూడు, ఆయిల్ చెమ్మ తగిలిన చోట గాలి లీకవుతుంటుంది.

మీ మామ